గాజుతొట్టిలోని పగడపు దిబ్బ – అందు రొయ్యల సంతానము



రొయ్య యనగానే మన కోస్తావాసులకు చెరువుగట్టును, ఏరేటర్ల చప్పుడును, కౌంటునుబట్టి పలుకు ధరయును స్ఫురించుట సహజము. శ్రీకాకుళము మొదలుకొని నెల్లూరు వఱకు సముద్రము వెంబడి ఎన్ని వేల కుటుంబములు టైగరు రొయ్యను, వనామీని నమ్ముకొని బ్రతుకుచున్నవో మీకు వేఱుగ చెప్పనక్కరలేదు. నేటి నా ప్రసంగమునకు విషయములైన రొయ్యలు ఆ జాతివి కావు. అవి చెరువులలో పెరుగవు. కౌంటు లెక్కన అమ్ముడుపోవు. వాని నెవరును వండుకొనరు. పగడపు దిబ్బల సందులలో, సీ అనిమోన్ల నీడలలో వసించుచు, ఎఱ్ఱని చారలతో, తెల్లని మీసములతో చూపరుల మనస్సును హరించు ఆ చిఱుప్రాణులను దేశదేశములయందు సముద్రజీవప్రియులు తమ యిండ్లలో గాజుతొట్టెల నమర్చి పెంచుచున్నారు. పెంచుట ఒక యెత్తు. వాని సంతానమును గ్రుడ్డు దశనుండి పెద్దదగువఱకు తొట్టిలోనే సాకి నిలబెట్టుట వేఱొక యెత్తు. ఈ రెండవదానిని గుఱించియే నేను మీతో ముచ్చటింపదలచినాను. ఏలయన, గ్రుడ్లు పెట్టుట రొయ్య పని, పిల్లను నిలుపుట మనుష్యుని పని. ఈ రెండవ పనియందే మన శాస్త్రజ్ఞానమును, మన ఓర్పును పరీక్షకు వచ్చుచున్నవి.

ఇంటిలో సముద్రమును నిలుపుకొనవలెనను కోరిక నిన్న మొన్నటిది కాదు. 1846లో అన్నా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమున సేకరించిన సజీవ ప్రవాళములను లండను నగరమునకు గొనిపోయి, సముద్రోదకము చెడిపోకుండ, తెఱచిన కిటికీ యెదుట దానిని ఒక పాత్రనుండి మఱొక పాత్రలోనికి పరిచారికచేత వంచి పోయించుచు, వానిని బ్రతికించుకొన్నది. తరువాత నూఱేండ్లకు పైబడి, 1961లో, జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్, సముద్రమునుండి తెచ్చిన సజీవశిలలును, సన్నని గాలిబుడగల ధారయును, సూర్యకాంతియును ఆధారముగా పగడములను పెంచు తన విధానమును ఒక అమెరికా పత్రికలో వెల్లడించెను. నేటి గృహస్థుల తొట్టెలలో కృత్రిమలవణము కలిపిన నీరు, విద్యుద్దీపముల కాంతి, ప్రవాహము పుట్టించు పంపులు, మాలిన్యమును నురుగుగా తీసివేయు స్కిమ్మరు, ఇవన్నియు చేరినవి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణమును, 25 మొదలు 27 డిగ్రీల వఱకు ఉష్ణమును ఎల్లప్పుడు నిలుపుదురు. యంత్రముల వర్ణనము ఇంతతో చాలును. మన కథానాయకులు ఆ శిలల సందులలో నున్నారు.

లిస్మేటా అను ప్రజాతికి చెందిన రొయ్యలు ఈ తొట్టెలయందు మిక్కిలి ఆదరము పొందినవి. వానిలో లిస్మేటా అంబోయినెన్సిస్ అను క్లీనరు రొయ్య హిందూ మహాసముద్రమునందును పసిఫిక్ మహాసముద్రమునందును గల పగడపు దిబ్బలమీద నివసించును. పసుపుఛాయ గల మేను, వీపున ఇరువైపుల ఎఱ్ఱని పట్టెలు, వాని నడుమ తెల్లని చార, దేహమును మించిన పొడవుగల తెల్లని మీసములు దాని రూపము. దిబ్బపై నొక నెలవున నిలిచి ఇది మీసము లాడించుచుండగా పెద్ద పెద్ద చేపలు వచ్చి కదలక నిలుచును. రొయ్య వాని మేనిపైకెక్కి, మొప్పలలోను నోటిలోను దూరి, పరాన్నజీవులను, చచ్చిన చర్మమును ఏరి తినును. దానిని ఒక్క గ్రుక్కలో మ్రింగగల మత్స్యము సైతము పని ముగియువఱకు నోరు తెఱచుకొనియే యుండును. ఈ వింత సంబంధమును లోకమునకు విపులముగా తెలిపినవారిలో కాన్రాడ్ లింబా అగ్రగణ్యుడు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందినవాడై, స్వయముగా సముద్రగర్భమునకు దిగి పరిశీలించిన ఆ శాస్త్రజ్ఞుడు 1960లో ఫ్రాన్సు తీరమున ఒక నీటిగుహలో ప్రాణములు కోల్పోయెను. ఈ విషయముపై ఆయన వ్యాసము మఱుసటి యేట ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో వెలువడినది. ఇదే ప్రజాతిలోని మఱొక రొయ్య, రక్తవర్ణముపై తెల్లని చుక్కలు గల లిస్మేటా డెబీలియస్. దీనికి 1983లో నామకరణము జరిగినది. మనకు పొరుగుననే యున్న సింహళద్వీపమునుండియు ఇది విదేశములకు ఎగుమతి యగుచున్నది.

అయితే తొట్టిలో సంతానమును నిలుపదలచినవాడు మొదట చేపట్టదగినది ఈ రెండింటిలో నేదియు కాదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరములందును, మెక్సికో సింధుశాఖయందును దొరకు పెప్పర్‌మింటు రొయ్య యనునది కలదు. పారదర్శకమైన మేనిపై సన్నని ఎఱ్ఱగీతలు దీనికి గలవు. పగలంతయు రాతి సందులలో దాగి, దీపములార్పిన పిమ్మట వెలువడును. దీనిని వెల యిచ్చి కొనువారు అందముకొఱకంటె ప్రయోజనముకొఱకు కొందురు. ఏలయన, ఐప్టేసియా యను చిన్న అనిమోన్ తొట్టిలో నొకసారి ప్రవేశించెనా, కలుపు మొక్కవలె వ్యాపించి పగడములను కుట్టి చంపును. దానిని తిని నిర్మూలించు శక్తి ఈ రొయ్యకు గలదు. ఒకే పేరున చెలామణి యగుచున్న ఈ రొయ్యలలో నిజమునకు పలు జాతులున్నవని ఆండ్రూ రైన్, జుండా లిన్ అను శాస్త్రజ్ఞులు 2006లో నిరూపించిరి. లిస్మేటా వుర్డెమాన్ని యనుకొని కొన్నది పెక్కుమార్లు వారు వేఱుపఱచిన లిస్మేటా బోగ్గెసి అయియుండును. పెంపకమున రెంటి రీతియు ఇంచుమించుగ నొక్కటియే.

ఇక దాంపత్యము సంగతి. ఈ రొయ్యలలో మగదేది, ఆడదేది యని వెదకి జంట కూర్చవలసిన శ్రమ లేదు. లిస్మేటా పురుషుడుగా జీవితము నారంభించి, పెరిగిన పిమ్మట స్త్రీధర్మమును పొందును. అట్లు పొందియు పురుషధర్మమును విడువదు. మొదట పురుషలింగము, పిదప ఉభయలింగము అను ఈ క్రమము పదిపాదముల జీవుల వర్గమున అంతకుముందు ఎవరును వర్ణింపనిది. పెప్పర్‌మింటు రొయ్య విషయమున రేమండ్ బాయర్, జోన్ హోల్ట్ అనువారును, క్లీనరు రొయ్య విషయమున కర్ట్ ఫీడ్లర్ అనువారును ఒకే సంవత్సరమున, 1998లో, దీనిని సప్రమాణముగా స్థాపించిరి. తన గ్రుడ్లను తానే ఫలింపజేసికొను శక్తి మాత్రము దీనికి లేదు. కావున ఒంటి రొయ్య ఎంత కాలముండినను నిష్ఫలమే. ఎదిగిన రొయ్యలను ఏ రెంటినైనను ఒకచోట నుంచిన చాలును, కొలదివారములలో రెండును మార్చి మార్చి గ్రుడ్లు మోయుచుండును.

ఈ సంగమము గుల్ల విడుచు వేళకు ముడిపడి యున్నది. రొయ్య పెరుగవలెనన్న పాత గుల్లను విడువక తప్పదు. విడిచిన వెంటనే దాని మేను మెత్తగా నుండును. సామాన్యముగా రాత్రివేళ ఒక రొయ్య గుల్ల విడుచును; దాని వాసన నీటిలో వ్యాపింపగానే రెండవది వెంటనంటి వచ్చి, కొన్ని క్షణములలో తన వీర్యమును దాని క్రింది భాగమున నుంచి తొలగిపోవును. కొలది గంటలలో గుల్ల విడిచిన రొయ్య గ్రుడ్లను వెలువరించి, ఉదరము క్రింది ఈతకాళ్లకు వానిని అంటించుకొనును. నాటినుండి అవి పొదుగువఱకు దానికి తీఱికలేదు. ఈతకాళ్లను ఆడించి గ్రుడ్లకు క్రొత్తనీరు తగులజేయును. సన్నని కాళ్లతో వానిని తడవి, చెడిన గ్రుడ్డును తొలగించును. పెప్పర్‌మింటు రొయ్య కొన్ని వందల గ్రుడ్లను ఇట్లు పది పండ్రెండు దినములు మోయును. క్లీనరు రొయ్యకు మఱికొన్ని దినములు హెచ్చుగ పట్టును. పిల్లలు విడివడిన ఒకటి రెండు దినములలో తల్లి మరల గుల్ల విడుచును, మరల గ్రుడ్లు తాల్చును. ఇట్లు ఏడాది పొడుగున కాన్పు తప్పదు. ఇన్ని వేల సంతానము కలుగుచుండియు తొట్టిలో ఒక్క పిల్లయైన కనబడదేమి యను ప్రశ్న ఇచ్చట పుట్టును.

మన హేచరీలను ఎఱిగినవారికి ఈ ప్రశ్న కొంత సులభముగా నర్థమగును. టైగరు రొయ్యయు, వనామీయు గ్రుడ్లను మోయవు. రాత్రివేళ నీటిలో విడిచిపెట్టును. ఒక దినములోపలనే అవి నాప్లియసు రూపమున విడివడి, మొదట తమలోని పచ్చసొనతోనే బ్రతికి, పిమ్మట వృక్షప్లవకమును, తరువాత జంతుప్లవకమును తినుచు, పది పండ్రెండు దినములలో పోస్టు లార్వా యగును. ఈ జాతి రొయ్యల కాన్పును, పెంపకమును మనుష్యునికి స్వాధీనపఱచిన మార్గదర్శి జపాను దేశీయుడు మోటోసాకు ఫుజినాగా. ఆయన 1930ల దశాబ్దిలో కురుమా రొయ్యతో ఆరంభించిన కృషియే నేటి లోకవ్యాప్తమైన రొయ్యపిల్లల పరిశ్రమకు మూలము. మన గోదావరి, కృష్ణలలో పెరుగు నీలకంఠ రొయ్య మాత్రము లిస్మేటావలె గ్రుడ్లను పొట్టక్రింద మోయు జాతిది. పొట్టక్రింద గ్రుడ్లు కనుల ఎదుట నుండగనే దాని పిల్లలు తొట్టిలో నిలువక చచ్చుచుండెడివి. 1960ల ఆరంభమున మలయాలోని పెనాంగునందు షావో వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు మంచినీటి రొయ్య పిల్లకు తొలిదశలో ఉప్పు కలిసిన నీరు కావలెనని కనుగొనువఱకు ఆ చిక్కు విడలేదు. తల్లి బ్రతుకునట్టి నీరు పిల్లకు చాలదు, తల్లి తినునట్టి మేత పిల్లకు పనికిరాదు. పగడపు దిబ్బలోని రొయ్య విషయమునను జరుగుచున్నది ఇదియే.

ఆ రాత్రి ఎట్లుండునో వినుడు. గ్రుడ్లు తొలుత పచ్చఛాయతో నుండి, దినదినమునకు రంగు తగ్గి, తుదకు పారదర్శకమై, ఒక్కొక్క గ్రుడ్డునందును రెండు వెండిచుక్కలవంటి కన్నులు మెఱయును. అది కనబడెనా, కాన్పు ఆ రాత్రియో, మఱునాటి రాత్రియో తప్పదు. దీపములార్పిన కొంతసేపటికి తల్లి రాతిపై ఎత్తుగ నిలిచి, ఉదరమును సాచి, ఈతకాళ్లను బలముగా కొట్టుకొనును. కొట్టుకొనినప్పుడెల్ల ఒక చిన్న ధూళిమేఘము నీటిలోనికి లేచినట్లు కనబడును. చేతిదీపము పట్టి చూచినచో ఆ ధూళియంతయు ప్రాణులే. ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. మేనంతయు గాజువలె నిర్మలము. తలకు మించిన కన్నులు. తోక ముందుగ, తల వెనుకగ ఈదుచు వెలుగువైపునకే గుంపులు కట్టి వచ్చును. తల్లి పోలిక వానిలో ఇసుమంతయు లేదు. తల్లి ఉదరమునందలి కాళ్లతో ఈదును. వీనికి ఆ కాళ్లే యింకను మొలకెత్తలేదు, నోటికి చేరువనున్న అవయవములతోనే ఈదులాడవలెను.

ఈ రూపమునకు జోయియా యని పేరు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు సైతము దీనిని ఒక స్వతంత్ర ప్రాణిగానే భావించిరి. ఫ్రెంచి పండితుడు బోస్క్ 1802లో దీనిని ప్రత్యేక ప్రజాతిగా వర్ణించి యుండెను. ఐర్లండులోని కార్కు రేవున సైనిక వైద్యుడుగా పనిచేయుచుండిన జాన్ వాన్ థాంప్సన్ 1823లో ఇట్టి ప్రాణులను పట్టి పాత్రలో నుంచి, అవి గుల్ల విడిచి వేఱు రూపము దాల్చుటను చూచి, ఇవి పీతల శిశువులేయని గ్రహించి, 1828లో ప్రకటించెను. మంచినీటి క్రేఫిష్ పిల్లలు తల్లి రూపముతోనే పుట్టుటను చూపి ఇతర పండితులు ఆయన మాటను చాలకాలము త్రోసిపుచ్చిరి. నేడు ఏ యింటి తొట్టిలోనైనను ఒక రాత్రి మేలుకొన్న బాలుడు థాంప్సన్ చూచిన యద్భుతమును తన కన్నులతో చూడగలడు. విజ్ఞానశాస్త్ర బోధనకు ఇంతకంటె నుత్తమమైన పాఠము నాకు తోచుట లేదు.

అయితే చూచుటతో సరిపెట్టుకొన్నచో తెల్లవారునప్పటికి ఆ సంతానమంతయు నశించును. పగడములు తమ స్పర్శకములను విప్పి కూర్చుండును, చేపలు కాచుకొని యుండును, పంపులు పీల్చివేయును, స్కిమ్మరు నురుగులో కలిపివేయును. దిబ్బయందలి సమస్తప్రాణులకును అది ఒక విందు. కావున కాన్పుకు ముందుగనే పంపులను ఆపి, తొట్టి యొక్క ఒక మూలకు చేతిదీపమును పట్టి, వెలుగునకు చేరిన డింభకములను గిన్నెతో నీటితోపాటుగ ముంచి తీసికొనవలెను. వలతో పట్టి గాలిలోనికి ఎత్తరాదు; నీటి వెలుపలికి తీసినంతనే ఆ సుకుమారమైన అవయవములు ముడిపడి విఱుగును. కొందఱు గ్రుడ్లు మోయు రొయ్యనే ముందుగా వేఱు తొట్టికి మార్చుదురు. అది సులభోపాయమేగాని, పట్టునప్పటి బెదురుకు రొయ్య గ్రుడ్లను రాల్చుకొను ప్రమాదము గలదు గనుక దీపముతో పిలుచు పద్ధతియే మేలని నా తలంపు.

పిల్లల నుంచు పాత్ర విషయమున మూలలు కలది పనికిరాదు. ఈ ప్రాణులు పుట్టుకచేత నడిసముద్రపు ప్రాణులు. గోడ యనునది వాని యనుభవములో లేదు. మూలలలో గుంపుపడి, ఒకదాని కాళ్లు ఒకదానికి చిక్కుకొని చచ్చును. జర్మనీలోని వుల్ఫ్ గ్రేవె అను శాస్త్రజ్ఞుడు 1968లో ప్లవకజీవులకొఱకు ‘క్రైజెల్’ అను వర్తులపాత్రను రూపొందించెను. అందు నీరు మెల్లగ చక్రాకారమున తిరుగుచు, ఏ ప్రాణియు అడుగున పడకుండ, గోడకు తగులకుండ తేలియాడించును. ఇంటిలో పెంచువారు ఆ సూత్రమునే అనుసరించి, అడుగు గుండ్రముగా నుండు గాజుగిన్నెలలోనో, తలక్రిందులుగా నిలిపిన పెద్ద నీళ్ల సీసాలలోనో, సన్నని గాలిగొట్టమునుండి ఒక్కొక్క బుడగ లేచునట్లుగా నమర్చి పని జరుపుకొనుచున్నారు. పాత్ర ప్రక్కలను నల్లగ కప్పి, వెలుగు పైనుండి మాత్రమే పడునట్లు చేసినచో డింభకములు గోడలకు చేరక నడుమనే యుండును.

ఇక మేత. ఈ కార్యమున సగము శ్రమ పిల్లలకు మేత పెట్టుటలో లేదు. మేతగా ఇచ్చు ప్రాణులకు మేత పెట్టుటలో నున్నది. ఆర్టీమియా యను ఉప్పునీటి చిఱుప్రాణి మన హేచరీలవారికి నిత్యపరిచయమైనది. అమెరికాలోని ఉటా రాష్ట్రపు మహాలవణ సరస్సునుండి డబ్బాలలో వచ్చు ఆ గోధుమవన్నె గ్రుడ్లను ఉప్పునీటిలో వేసి, గాలి పట్టించి, వెలుగునందు 28 డిగ్రీల వేడిమిని నిలిపినచో, ఇంచుమించుగ ఒక దినములో నారింజవన్నె నాప్లియసులు విడివడును. పుట్టిన నాప్లియసునందు పచ్చసొన నిండుగా నుండును. అపుడే పెట్టిన అది పుష్టికరము. గంటలు గడచినకొలది ఆ సారము కరగిపోయి, ఉదయము పౌష్టికాహారముగా నుండినది సాయంకాలమునకు ఉత్త డొల్లగా మిగులును. అందుచేత నిలువయుంచిన నాప్లియసులకు ఆకుపచ్చని సూక్ష్మశైవలములనో, చేపనూనె చేరిన మేతనో తినిపించి, ఆ సారము వానియందుండగనే రొయ్యపిల్లలకు పెట్టవలెను. జోయియా పుట్టిన రాత్రినుండియే ఆకలిగొన్నది. మొదటి దినమున మేత దొరకనిది తరువాత ఎంత పెట్టినను కోలుకొనదు. కావున తల్లి పొట్టక్రింద వెండికన్నులు కనబడిన సాయంకాలమే ఆర్టీమియాను నీటిలో వేసియుంచుట బుద్ధిమంతుల లక్షణము. డొల్లగ్రుడ్లను మాత్రము వడగట్టి వేఱుచేయవలెను. అవి పాత్రలో చేరి క్రుళ్లును.

ఇంత చేసినను రెండవ వారమున మరణములు ఆరంభమగును. దానికి కారణములు మూడు నాలుగు గలవు. తినక మిగిలిన మేత క్రుళ్లి అమ్మోనియా పుట్టించును. విబ్రియో జాతి సూక్ష్మజీవులు ఒక్క రాత్రిలో పాత్రనంతయు తుడిచిపెట్టును. ఈ రెండవ శత్రువును గుఱించి మన తీరపు హేచరీలలో పనిచేయు ఏ కుఱ్ఱవాని నడిగినను చెప్పగలడు. ఆర్టీమియాతోపాటు, లేక పాత తొట్టి నీటితోపాటు వచ్చిన హైడ్రాయిడులు అనబడు చిఱుజీవులు పాత్ర గోడలపై మొలిచి, తాకిన పిల్లనెల్ల కుట్టి చంపును. అట్టి పాత్రను వదలి పిల్లలను క్రొత్తదానిలోనికి మార్చుటకంటె వేఱు మందు లేదు. ప్రతిదినము అడుగుననున్న మలినమును సన్నని గొట్టముతో లాగివేసి, అదే వేడిమియు, అదే లవణతయు గల క్రొత్త నీటిని బొట్టుబొట్టుగ చేర్చవలెను. సెలవు దినమనియు, పండుగ యనియు దీనికి లేదు.

ఈ దశలోనే లిస్మేటా పిల్లలకు ఒక విశేషాంగము పుట్టును. మూడవసారి గుల్ల విడిచిన ప్రాంతమున అయిదవ జత కాళ్లు దేహమును మించిన పొడవున సాగి, కొనలయందు వెడల్పై, పడవ తెడ్లవలె ఏర్పడును. భూతద్దముక్రింద చూచినచో ఆ తెడ్ల కొనలయందు ఎఱ్ఱని రంగు మెఱయుచు, పిల్ల వానిని ఇరువైపుల సాచి నిశ్చలముగా నీట వ్రేలాడుచుండును. కన్నుల పండువైన దృశ్యమది. కాని ఆ తెడ్లు అతిసుకుమారములు. గాలిబుడగ తాకిడికే విఱుగును. విఱిగినదానిని మరల మొలిపించుకొనుటకు పిల్ల తన శక్తినంతయు వ్యయపఱచి, ఎదుగుదల మందగించి, పెక్కుమార్లు గుల్ల విడువజాలక చచ్చును. పాత్రలో నీటి చలనము ఎక్కువైనను తప్పే, తక్కువైనను తప్పే. ఆ మితము నెఱుగుటకు గ్రంథములు కొంతవఱకే సాయపడును; తక్కినది పాత్రముందు కూర్చుండి చూచిన చూపువలననే అబ్బును.

అనుకూల పరిస్థితులలో పెప్పర్‌మింటు రొయ్య పిల్ల నాలుగు మొదలు ఆఱు వారములలో రూపాంతరము పొందును. నిన్నటివఱకు తోక ముందుగ నీట తేలిన ప్రాణి ఒక ఉదయమున పాత్ర గోడపై తల ముందుగ, తల్లివలెనే నడచుచు కనబడును. తెడ్లు మాయమై యుండును. ఉదరమున ఈతకాళ్లు ఆడుచుండును. ఒకే రాత్రి పుట్టినవైనను అన్నియు ఒకేసారి దిగవు. కొన్ని గుల్ల విడుచుచునే యుండి, రూపము మాత్రము మార్చుకొనక వారములు గడపును. తగిన మేతయో, తగిన నెలవో దొరకువఱకు ప్రయాణమును పొడిగించుకొను ఈ శక్తి సముద్రములో వానికి రక్షణము. మన పాత్రలో మనకు పరీక్ష. మన వనామీకి పది పండ్రెండు దినములు పట్టు పనికి డెబీలియస్ రొయ్యకు సామాన్యముగా రెండు మూడు నెలలకు పైబడియు, క్లీనరు రొయ్యకు నాలుగైదు నెలలును పట్టును. పగడపు దిబ్బల వేఱొక అందగత్తెయైన స్టెనోపస్ హిస్పిడస్ మాట చెప్పనే అక్కరలేదు. అది నాలుగు నెలలు దాటియు తేలుచునే యుండును. మొదటి యత్నమునకు పెప్పర్‌మింటునే ఎన్నుకొనుడని నేను నొక్కి చెప్పుటకు కారణమిదియే.

ఇంత శ్రమ యెందులకు, దిబ్బమీద పట్టి తెచ్చినవి దుకాణమున దొరకుచున్నవి గదా యని కొందఱనవచ్చును. ఆ మాటకే నేను సమాధానము చెప్పదలచినాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమునకు చెందిన ప్రపంచ పరిరక్షణ పర్యవేక్షణ కేంద్రము 2003లో ప్రకటించిన నివేదిక ప్రకారము, పగడములను మినహాయించి, రొయ్యలు, నత్తలు, అనిమోన్లు మొదలైన వెన్నెముకలేని సముద్రజీవులు ఏటేట 90 లక్షలు మొదలు ఒక కోటి వఱకు అలంకారార్థమై వర్తకమున చేతులు మారుచుండెను. వానిలో అత్యధికభాగము దిబ్బలనుండి పట్టినవే. క్లీనరు రొయ్యను తొలగించిన దిబ్బపై చేపలకు వైద్యుడే కఱవగును. తొట్టిలో పుట్టి తొట్టిలో పెరిగిన ప్రతి రొయ్యయు, దిబ్బమీద మిగిలిన మఱొక రొయ్య. మన దేశమునందు రాతిపగడములన్నియు 2001నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలునందు చేరి, పెద్దపులితో సమానమైన రక్షణను పొందియున్నవి. మన సముద్రమునుండి ఒక పగడపు కొమ్మను విఱిచి తెచ్చి తొట్టి నలంకరించుట నేరము. ఈ సంగతి ఎఱుగనివారు మనలో పెక్కుఱున్నారు గనుక స్పష్టముగా చెప్పుచున్నాను.

సముద్రమును దోచక సముద్రజీవులతో జీవనము గడపవచ్చునని చూపుచున్నవారు మన దేశముననే కలరు. లక్షద్వీపములలోని అగత్తి దీవియందు జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ వారు అలంకారపు రొయ్యలకై ఒక కేంద్రమును నెలకొల్పి, అట్టి చిఱురొయ్యలను అచ్చట పుట్టించి పెంచి, పిల్లలను దీవి స్త్రీల సంఘముల కప్పగించి పెద్దజేయించుచున్నారు. దిబ్బ దిబ్బగనే యుండును, ఇంటికి రాబడియు వచ్చును.

ఇట్టి పనికి మన తీరమున కొఱతయైనదేది? ఉప్పునీరున్నది. విశాఖపట్టణము చేరువన టాస్పార్కు అను రొయ్యపిల్లల హేచరీ కాలమునుండి తల్లి రొయ్యను పోషించుట, నాప్లియసును లెక్కించుట, అర్ధరాత్రి లేచి ఆర్టీమియాను వడగట్టుట నేర్చిన చేతులు వేలసంఖ్యలో నున్నవి. కొలదిదినముల పంటకు అలవాటుపడిన ఆ చేతులకు రెండు నెలల ఓర్పును జతచేసినచో, లోకమున కొలదిమంది మాత్రమే సాధించిన విద్య మనకు వశమగును. ఆర్థికముగా అది టన్నుల వ్యాపారము కాజాలదు. చిన్న షెడ్డులో, నాలుగు గుండ్రని తొట్టెలతో, ఒక కుటుంబము సాగింపదగిన పని. మత్స్యశాస్త్రము చదువుచున్న యువతీయువకులు, హేచరీ పని విడిచి వేఱు బ్రతుకుతెరువు వెదకుచున్న సాంకేతికులు దీనిని ఆలోచింతురుగాక యని నా ప్రార్థన.

స్వదేశమునందైనను, విదేశమునందైనను ఇంటిలో పగడపు తొట్టి నిలుపుకొన్న శ్రోతలకు ఒక్క మనవి. మీ రొయ్య పొట్టక్రింద వెండికన్నులు కనబడిన రాత్రి పంపులను ఆపి, దీపముపట్టి, పదింటినైనను ముంచి తీసి పెంచి చూడుడు. మఱల రొయ్యను కొనబోవునప్పుడు, అది దిబ్బనుండి పట్టినదా, తొట్టిలో పెంచినదా యని దుకాణదారు నడుగుడు. పెంచినది దొరకెనేని, వెల కొంత హెచ్చైనను, దానినే కొనుడు.